కరువు సీమలో చెరువు పండగ

ఉమ్మడి అనంతపురం జిల్లా చూడటానికి వచ్చినవాళ్లు లేపాక్షి బసవన్న ముందు ఫొటోలు దిగుతారు. పెనుకొండ కోట ఎక్కుతారు. తిమ్మమ్మ మర్రిమాను నీడన కాసేపు సేదతీరుతారు. చెరువు కట్ట మీద ఆగేవాళ్లు మాత్రం తక్కువ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే ఈ సీమలో ఊళ్లకు ప్రాణం పోసింది చెరువులే. ఇక్కడి చరిత్ర చదవాలంటే కట్ట మీంచే మొదలుపెట్టాలి.

ఊరికి ముందు చెరువు

అనంతపురం పుట్టుకే చెరువుతో ముడిపడింది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364 ప్రాంతంలో పండమేరు వంకకు అడ్డంగా కట్ట వేయించాడని చెబుతారు. కట్టకు రెండు కొసల రెండు ఊళ్లు వెలిశాయి. ఒకటి రాజు పేరిట బుక్కరాయసముద్రం, రెండోది రాణి పేరిట అనంతసాగరం. ఆ రెండోదే పెరిగి పెద్దదై అనంతపురమైంది.

ఆ కాలపువాళ్లకు చెరువు కట్టడం ఒక శాస్త్రం. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించిన 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. ఆ చెరువు కోసం రోజూ వెయ్యిమంది కూలీలు, కట్టకు రాయి తోలే వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేశాయట.

పాత కట్ట ఎక్కితే తూము దగ్గర కాసేపు నిలబడి చూడండి. నీళ్లలో రెండు రాతి కంభాలు, వాటిని కలుపుతూ అడ్డ దూలాలు, ఆ దూలాల బెజ్జాల్లోంచి దిగిన కొయ్య, దాని కొసన తూము కన్నాన్ని మూసే బిరడా. కొయ్య పైకి లాగితే మడికి నీళ్లు, కిందికి దించితే బందు. ఎవరి మడికి ఎంతసేపన్నది నీరుగంటి చూసుకునేవాడు. మరమ్మతుల ఖర్చుకు దశబంధం అనే మాన్యపు భూములుండేవి. కట్టినవాళ్లు చెరువుతో పాటు దాన్ని చూసుకునే మనుషులకూ ఏర్పాటు చేసిపోయారు.

కట్ట మీది దేవత

బుక్కరాయసముద్రంలో ముసలమ్మ కట్ట పేరు తెలియనివాళ్లుండరు. ఒక కుంభవృష్టికి కట్ట తెగబోయింది. బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలి ఇస్తే నిలుస్తుందని దేవత పలికింది. ఊరి కోసం ఆమె తనంతట తానే గండిలోకి నడిచిందని కథ. సి.పి.బ్రౌన్ వెలికితీసిన అనంతపుర చరిత్రలోని ఈ కథను కట్టమంచి రామలింగారెడ్డి 1899లో, మద్రాసులో చదువుకునే రోజుల్లోనే 'ముసలమ్మ మరణం' కావ్యంగా మలిచారు. ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి అడుగుల్లో దాన్ని లెక్కిస్తారు.

కావ్యం చదవనివాళ్లకూ ఆమె దేవతే. ఇప్పటికీ మొక్కులు చెల్లిస్తారు. బలిని మెచ్చుకోనక్కర్లేదు. కానీ కట్ట తెగితే ఊరు ఉండదన్న ఎరుకను ఇన్ని తరాలపాటు నిలిపింది ఆ కథే.

చెరువు నిండి మరువ (అలుగు) పారిందంటే ఊరికి అదే పెద్ద పండగ. ఆడవాళ్లు పసుపు కుంకుమలతో వచ్చి గంగమ్మకు పూజ చేస్తారు. పిల్లాజెల్లా కట్ట మీదే ఉంటారు. ఏళ్ల తరబడి ఎండిన చెరువు నిండితే పొరుగూళ్ల నుంచి కూడా జనం చూడటానికి వస్తారు.

వీరాపురం అతిథులు

చెరువులను నమ్ముకున్నది మనుషులొక్కరే కాదు. చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా సంక్రాంతి దాటాక ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. సైబీరియా కొంగలని జనం పిలుచుకున్నా ఇవి మన దేశపు పక్షులే. ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకుని, వానాకాలంలో వెళ్లిపోతాయి. చుట్టుపక్కల చెరువుల్లోని చేపలే వాటి మేత. అవి వస్తే వానలు బాగా కురుస్తాయని ఊరివాళ్ల నమ్మకం. వాటిని వేటాడనివ్వరు, బెదరగొట్టనివ్వరు. చెరువులు ఎండిన ఏడు మాత్రం ఊరి ప్రేమ ఒక్కటే వాటి కడుపు నింపలేదు.

వంక బతికితేనే

హంద్రీ-నీవా కాలువతో కృష్ణా నీళ్లు ఈ సీమకు చేరడం నిజంగా ఊరట. అంతమాత్రాన వాన నీళ్లను తెచ్చే వంకలను వదిలేయకూడదు. 2022 అక్టోబరులో పండమేరు, నడిమివంక పొంగి అనంతపురం కాలనీలను ముంచినప్పుడు, వంకల దారి మూస్తే ఏమవుతుందో నగరం కళ్లారా చూసింది. కరువులో చెరువుకు చేరాల్సిన నీళ్లే వరదలో ఇళ్లలోకి వచ్చాయి.

చెరువుకు బోటు, పార్కు, రంగు దీపాలు వస్తే సంతోషమే. వాటికన్నా ముందు వంకకు హద్దు రాళ్లు పాతాలి, పూడిక తీయాలి, తూము బాగుచేయాలి. ప్రతి పాత కట్ట దగ్గరా దాని చరిత్ర చెప్పే ఒక పలక నిలపాలి. ముసలమ్మకు మొక్కే చేతులే వంకలో ముళ్లకంపను కూడా తొలగిస్తే, ఆరున్నర శతాబ్దాల ఈ వారసత్వం మన పిల్లలకూ నీళ్లిస్తుంది.