మాలమ్యూట్ కుక్క, దాని పేరులో ఉన్న మనుషులు

తెలుగులో కుక్క అనగానే నాకు రెండు మాటలు గుర్తుకొస్తాయి: విశ్వాసం, కాపలా. ఈ వారం నేను రాస్తున్న కుక్కకు మొదటి మాట సరిపోతుంది, రెండోది సరిపోదు. ఎందుకో దాని చరిత్ర చెబుతుంది.

అలాస్కన్ మాలమ్యూట్ అనేది ఒక జనం పేరు మీద వచ్చింది. అలాస్కా వాయవ్య తీరంలో, కొట్జెబ్యూ ప్రాంతంలో మాలెమ్యూట్ అనే ఇన్యూపియాట్ ప్రజలు ఉండేవారు. వాళ్ళది వేట, చేపల జీవనం. మంచు మీద బరువులు లాగడానికి ఈ కుక్కలను పెంచారు. వాళ్ళకు కావలసింది వేగం కాదు, బలం, ఓర్పు. కుక్కలు కుటుంబాలతో, పిల్లలతో కలిసి బతికేవి. అందుకే ఈనాటికీ మాలమ్యూట్ కొత్తవాళ్ళతో కూడా స్నేహంగా ఉంటుంది. దొంగ వచ్చినా తోక ఊపవచ్చు!

1896లో క్లోండైక్‌లో బంగారం దొరికింది. వేలమంది ఉత్తరానికి పరుగెత్తారు. బండి లాగే కుక్కలకు గిరాకీ పెరిగింది. వాటిని బయటి జాతులతో కలిపేశారు, అసలు జాతి తగ్గిపోయింది. తర్వాత కొందరు పెంపకందారులు మిగిలినవాటిని వెతికి జాతిని నిలబెట్టారు. 1935లో అమెరికన్ కెనెల్ క్లబ్ దాన్ని గుర్తించింది. 2010లో అది అలాస్కా రాష్ట్ర కుక్క అయింది.

మా గుడిలో వడ్డన చేసే ఒక అబ్బాయి ఈ జాతి పిల్లను కొనాలనుకుంటున్నాడు. "చూడండి ఆంటీ, అచ్చం తోడేలులా ఉంది" అని ఫోటో చూపించాడు. మేముండేది టెక్సస్‌లో. "నాయనా, జులైలో దీన్ని ఏ వేళకు నడిపిస్తావు?" అని అడిగాను.

మగ కుక్క సుమారు 38 కిలోలు ఉంటుంది. బొచ్చు రెండు పొరలు. లోపలి పొర ఏడాదికి రెండుసార్లు కుప్పలుగా రాలుతుంది, అప్పుడు రోజూ దువ్వాలి. ఎండకాలంలో తెల్లవారకముందే నడిపించాలి, పగలు చల్లని గదిలో ఉంచాలి. పని లేకపోతే పెరడంతా తవ్వుతుంది. పిల్లులను, కుందేళ్ళను వేటాడుతుంది. తెలివైనదే కానీ మొండిది, అందుకే చిన్నప్పటి నుంచే ఓపికగా నేర్పాలి.

ఇవి చెడ్డ గుణాలు కావు. రోజంతా బరువు లాగి, వేటగాళ్ళ వెంట తిరిగిన కుక్కకు ఉండవలసిన గుణాలే. పని, చల్లదనం, మనుషుల తోడు: ఈ మూడూ ఇవ్వగలిగితేనే ఇంటికి తెచ్చుకోండి. లేదంటే ఆ కుక్క చివరికి ఏదో షెల్టర్‌లో కొత్త ఇంటి కోసం ఎదురుచూస్తుంది.