ఉరిశిక్ష నిలుపుదల

ఘోరమైన హత్యావార్త పత్రికలో బడిన దినమున మన యిండ్లలో మొదట వినవచ్చు మాట "వాని నురిదీయవలె" ననునదియే. మృతులయెడ జాలియే యామాటకు మూలమగుటచే దానిని మేము తూలనాడము. అయినను ఆ జాలి యేదారిని బోవలెనో లోకమునందలి వివేకులు రెండున్నర శతాబ్దములుగా విచారించుచున్నారు. ఆ విచారణ చరిత్రము గృహస్థులెల్లరు నెఱుంగదగినది.

1764వ సంవత్సరమున ఇటలీదేశమందలి మిలాను నగరవాసి బెక్కారియా నేరములను, శిక్షలను గూర్చి యొక చిన్న గ్రంథమును వెలువరించెను. హత్య కూడదని శాసించు ప్రభుత్వమే హత్యకు బూనుట యెట్లు పొసగునని యాతడు ప్రశ్నించెను. నేరమును నివారించునది శిక్షయొక్క క్రౌర్యము గాదనియు, శిక్ష తప్పదను నిశ్చయమేయనియు వాదించెను. టస్కనీ ప్రభువగు లియోపోల్డు 1786 నవంబరు 30వ తేదీన తన రాజ్యమున మరణదండనమును రద్దుచేసెను. నాలుగేండ్లకే కొన్ని నేరములకు అది మరల వచ్చినను, బెక్కారియా వేసిన ప్రశ్న మాత్రము నిలిచియే యున్నది.

న్యాయస్థానము పొరబడిన నేమగును? ఇంగ్లండున 1950వ సంవత్సరమున టిమతీ ఇవాన్సు అనువానిని, కన్నబిడ్డను చంపెనని యురిదీసిరి. వానికి ప్రతికూలముగ సాక్ష్యము పలికిన క్రిస్టీ అదే యింట కాపురముండెను. ఆ క్రిస్టీయే పలువురు స్త్రీలను చంపిన హంతకుడని 1953లో బయల్పడెను. 1966లో ఇవాన్సునకు క్షమాపణ పత్రము లభించెను. దానిని గైకొనుటకు వాడు లేడు. ఇట్టి పొరబాటులచే కలతనొందిన ఆంగ్లేయులు 1965లో హత్యానేరమునకు ఉరిశిక్షను ఐదేండ్లు నిలిపిచూచి, 1969లో ఆ నిలుపుదలను శాశ్వత మొనర్చిరి.

తొలుత నిలుపుట, పిదప రద్దుచేయుట అను నీ మార్గమునే పిమ్మట దేశముల కూటమియు నవలంబించెను. 1966 నాటి ఒడంబడిక మరణదండనమును మిక్కిలి ఘోరమైన నేరములకే పరిమితము చేసి, పదునెనిమిదేండ్లు నిండకముందు నేరముచేసినవారికి దానిని విధింపరాదనెను. 1989లో చేర్చబడిన మఱియొక పత్రము, సమ్మతించిన దేశములలో దానిని రద్దుపరచ నుద్దేశించినది. శిక్షల యమలును నిలుపుడని ఇటలీ 1994లో ఐక్యరాజ్యసమితియందు తెచ్చిన ప్రతిపాదన యెనిమిది వోట్ల తేడాతో వీగిపోయెను. 2007 డిసెంబరు 18వ తేదీన సాధారణ సభ అట్టి తీర్మానమునే 104 వోట్లతో నంగీకరించెను. 54 దేశములు ప్రతిఘటించెను. 2024లో అనుకూల వోట్లు 130కి పెరిగి, ప్రతికూలములు 32కు తగ్గెను.

ఈ తీర్మానము ఏ ప్రభుత్వమును నిర్బంధింపజాలదు. దానికి గల బలము లోకాభిప్రాయమే. మన దేశము రెండుమారులును ప్రతికూలముగనే వోటువేసెను. మన సర్వోన్నత న్యాయస్థానము 1980లోనే ఉరిశిక్షను అరుదైనవాటిలో మిక్కిలి అరుదైన నేరములకు పరిమితము చేసినను, శిక్ష చట్టమునందు నిలిచియే యున్నది.

హతుల కుటుంబముల దుఃఖమును మరువుడని మేము చెప్పుట లేదు. హంతకుని జీవితాంతము చెఱనుంచుటకు అడ్డేమియు లేదు. చెఱలో నున్నవాడు నిర్దోషియని తేలినచో తలుపు తెఱవవచ్చును. ప్రభుత్వము తీయు ప్రాణము ప్రజలమగు మన పేరనే తీయబడుచున్నది. కావున ఆ మాట మఱల నోటికి వచ్చినపుడు, ఒక్క నిమిషము దానిని నిలిపి చూడుడని చదువరులను వేడుచున్నాము.