స్టౌట్

ఇంగ్లీషులో ‘స్టౌట్’ అంటే మొదట ధైర్యం, దర్పం గల మనిషి. తర్వాత బలిష్ఠుడు, ఆపైన లావుపాటివాడు. 18వ శతాబ్దపు లండన్‌లో ‘పోర్టర్’ అనే నల్లబీరులో ఘాటు రకాన్ని ‘స్టౌట్ పోర్టర్’ అనేవారు. పోనుపోను పోర్టర్ రాలిపోయి విశేషణమే పేరైంది. పేరులో బలమున్నా, గిన్నిస్ డ్రాట్ అనే పేరున్న స్టౌట్‌లో ఆల్కహాల్ 4 శాతం పైచిలుకే! పీపాల్లో మాగిన రకాలు మాత్రం 10 శాతం దాటడం మామూలే.

తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక ఈ మాట హైటెక్ సిటీ, గచ్చిబౌలి మెనూల్లోకెక్కింది. కాఫీ స్టౌట్‌లో కాఫీ వాసనంతా గింజలదే కాదు, నల్లగా వేయించిన బార్లీది కూడా. విస్కీ పీపాలో నెలల తరబడి మాగితే ఓక్ చెక్క నుంచి వెనిల్లా పరిమళం, కాస్త వగరు చేరతాయి. మరీ చల్లగా తాగితే ఇవేవీ నాలుకకు తెలియవు. ‘పీపా’ కూడా పరాయి మాటే. పోర్చుగీసు నుంచి వచ్చి ఎప్పుడో తెలుగైపోయింది.