రియాద్ నుంచి హైదరాబాద్: దూరమెంత, ఇల్లు చేరడానికి టైమెంత?

రియాద్ నుంచి హైదరాబాద్ తిన్నగా కొలిస్తే దాదాపు 3,400 కిలోమీటర్లు. డైరెక్ట్ ఫ్లైట్ అయితే గాల్లో ఉండేది సుమారు ఐదు గంటలు. అట్లని "ఐదు గంటల్లో వచ్చేస్తా" అని ఇంటికి ఫోన్ చేసి చెప్పకండి. క్యాంపు గేటు దాటింది మొదలు ఊళ్లో గడప తొక్కేదాకా లెక్క వేరే ఉంది.

గడియారం లెక్క

మన టైమ్ సౌదీ కంటే రెండున్నర గంటలు ముందు. టికెట్ మీద ఎక్కే టైమ్ ఎక్కే ఊరిది, దిగే టైమ్ దిగే ఊరిది. రియాద్‌లో రాత్రి 1 గంటకు ఎక్కితే హైదరాబాద్‌లో ఉదయం 8.30 ప్రాంతంలో దిగుతారు. వచ్చేటప్పుడు ఎదురుగాలి ఉంటుంది కాబట్టి పావుగంటో అరగంటో ఎక్కువ పడుతుంది. అయినా హైదరాబాద్‌లో ఉదయం 10కి ఎక్కితే రియాద్‌లో మధ్యాహ్నం 12.45కే దిగినట్టు కనిపిస్తుంది.

అర్ధరాత్రి ఫ్లైట్

టికెట్ మీద "15వ తేదీ, 00.30" అని ఉంటే, 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15 రాత్రి పోతే ఫ్లైట్ వెళ్లిపోయి ఒక రోజు అయి ఉంటుంది.

గేటు నుంచి గడప దాకా

- క్యాంపు నుంచి ఎయిర్‌పోర్టు: సిటీలోనే ఉంటే గంట
- చెక్-ఇన్, ఇమిగ్రేషన్: 3 గంటలు
- విమానం: 5 గంటలు
- శంషాబాద్‌లో ఇమిగ్రేషన్, సామాను: గంట నుంచి గంటన్నర
- అక్కడి నుంచి జగిత్యాల: 200 కిలోమీటర్ల పైనే, కారులో 5 గంటలు

మొత్తం 15, 16 గంటలు. కడప వైపు వాళ్లు ఇంకో మూడు, నాలుగు గంటలు కలుపుకోండి.

మధ్యలో దిగే టికెట్

దుబాయ్, మస్కట్, ముంబై మీదుగా వచ్చే టికెట్ చవకగా దొరకొచ్చు. కానీ ఆగే టైమ్‌ని బట్టి ప్రయాణం 8 నుంచి 15 గంటలు కూడా అవుతుంది. రెండు ఫ్లైట్లూ ఒకే బుకింగ్‌లో ఉన్నాయో లేదో ఏజెంటును గట్టిగా అడగండి. వేర్వేరు టికెట్లయితే, మొదటిది లేటై రెండోది పోతే ఆ డబ్బులు మీవే పోతాయి. ముంబై మీదుగా వస్తే మామూలుగా సామాను అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ ఇవ్వాలి. దానికి కనీసం మూడు గంటల గ్యాప్ ఉండాలి.

రీ-ఎంట్రీ చివరి తేదీ

ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. వీసా చివరి రోజు రాత్రి 11కి హైదరాబాద్‌లో ఎక్కితే, రియాద్‌లో దిగేసరికి రాత్రి 1.45. అంటే తేదీ మారిపోయింది, వీసా అయిపోయింది. చూడాల్సింది ఎక్కే తేదీ కాదు, దిగే తేదీ. కనీసం మూడు రోజులు ముందే టికెట్ తీసుకోండి. వీసా మీద ఉన్నది హిజ్రీ తేదీనా, ఇంగ్లీషు తేదీనా అని కూడా చూసుకోండి.

ఇంట్లో వాళ్లకు

ఏదైనా చెడు జరిగి మనిషిని రమ్మని కబురు పెడితే, ఎగ్జిట్ రీ-ఎంట్రీ, టికెట్ రెండూ చేతికొచ్చాక మొదలయ్యేవే ఆ 16 గంటలు. ఫ్రీజర్ బాక్సు పెట్టాలా, ఎప్పుడు తీసుకెళ్లాలి అన్నది ఆ లెక్క చూసి నిర్ణయించుకోండి. టికెట్ ఫోటో తెప్పించుకుని, దిగే టైమ్ చూసి, దానికి ఏడు గంటలు కలపండి. ఆలోపు "ఎక్కడున్నవ్?" అని పదేపదే ఫోన్ చేస్తే వచ్చే మనిషికి కంగారు తప్ప లాభం లేదు.