హిందూ కళాశాలలో ఒక తీర్మానము

1817లో నెలకొల్పబడిన కలకత్తా హిందూ కళాశాలలో డిరోజియో ఇరువది యేండ్లైనను నిండకమున్నే ఉపాధ్యాయుడాయెను. ఆయన శిష్యులు దేనినైనను ప్రశ్నింప నేర్చిరి. మతరాజకీయ చర్చలు జరుగు సభలకు విద్యార్థులు పోరాదని పాలకవర్గము ఉత్తరువు చేసెను. పిల్లలను మాన్పించు తండ్రుల భయము దానితో తీరలేదు. 1831 ఏప్రిల్‌లో వారు గురువునే విచారణకు పెట్టిరి. విచారణ యనుటయు సరికాదు, ఆయనను పిలువనే లేదు. బోధకుడుగా ఆయన అయోగ్యుడా యనిన, అధికసంఖ్యాకులు అవుననలేదు. అంతట ప్రశ్ననే మార్చిరి: నగరమందలి హిందువుల మనఃస్థితినిబట్టి ఆయనను తొలగించుట ఉచితమా? హిందూ సభ్యులలో పలువురు సమ్మతించిరి. తమకు సంబంధింపని విషయమని విల్సన్, డేవిడ్ హేర్‌లు ఓటు వేయలేదు. నాకు ఈ మౌనమే ఎక్కువ బాధాకరముగా తోచును. విచారింపకయే తొలగించిరని తెలుపుచు డిరోజియో 25వ తేదీన రాజీనామా పంపెను. ఆ డిసెంబరులోనే కలరాచే మరణించెను. ఆయన నడపిన చర్చాసంఘమునకు పిమ్మట అధ్యక్షుడైనవాడు ఆ హేరే.