పెరట్లో పరదేశులు

పెరటి కూర అనగానే తాతముత్తాతల తిండి అనుకుంటాం. బజారు సరుకు ఎక్కడిదో ఏమో గానీ పెరటిది మాత్రం అచ్చమైన దేశవాళీ అని మన నమ్మకం. పెరట్లో ఉన్న మొక్కల పుట్టుపూర్వోత్తరాలు తీస్తే ఈ లెక్క తప్పుతుంది. మిరప, బొప్పాయి, జామ, సీతాఫలం, చిలగడదుంప, టమాటా, తియ్యగుమ్మడి అన్నీ అమెరికా ఖండాల్లో పుట్టినవే. 1498లో వాస్కోడిగామా కాలికట్ చేరాక, 1510లో గోవా పోర్చుగీసుల చేతికి చిక్కాక, ఐరోపా ఓడల రాకపోకలతో ఒకటొకటిగా ఇటు వచ్చాయి. పల్నాటి జొన్నకూడు మీద విసుక్కున్న కవి శ్రీనాథుడు అంతకు ముందు కాలం వాడు. ఆ కూటి పక్కన మిరపకాయ కారం ఉండే వీలే లేదు, ఆయన ఎరిగిన ఘాటు మిరియాలది. తెలుగు ఇళ్లలో పెరడు కొత్త మొక్కను పరీక్షకు పెట్టిన చోటనీ, మన తిండిని మార్చింది ఆ నాలుగు గజాల నేలేననీ నా వాదన.

పొలం మీద శిస్తు, కౌలు, అప్పు ఉంటాయి. తెలియని విత్తనం చల్లి ఎకరం పంట పోగొట్టుకునే ధైర్యం రైతుకు ఎక్కడిది? పెరట్లో ఒక పాదు ఎండిపోతే పోయేది నాలుగు గింజలు. పైగా వానలు ముఖం చాటేసినా అక్కడికి నీళ్లు అందుతాయి. నూతి దగ్గర గిన్నెలు తోమిన నీళ్లు, స్నానాల నీళ్లు చిన్న కాలువ గుండా అరటి బోదె దాకా పోయేవి. ఆ కాలువ గట్టున ఎవరూ నాటకుండానే బొప్పాయి మొలిచేది. పనితనం కూడా అప్పటికే చేతిలో ఉంది. పొట్లకాయ వంకర తిరక్కుండా చివర చిన్న రాయి కట్టడం, తీగకు పేనుబంక పడితే కచ్చిక బూడిద చల్లడం, గింజల్ని పేడలో అద్ది గోడకు కొట్టి మరుసటి ఏడాదికి దాచడం తెలిసిన ఇల్లాలికి తియ్యగుమ్మడి పెంచడం కష్టమేమీ కాదు. బూడిదగుమ్మడికి చేసిందే దీనికీ చేసింది. ఒక్క పండు మిరపకాయలో వీధి మొత్తానికి సరిపడా గింజలుంటాయి.

కొత్త పంటలు తెచ్చింది ప్రభుత్వాలూ శాస్త్రజ్ఞులూ కదా అనవచ్చు. 1780లలో సామర్లకోటలో వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ కోసం మిరియాల తోట వేసి చూశాడు. 1793లో ఆయన కలకత్తా వెళ్లిపోయాడు. గోదావరి పెరళ్లలో మిరియాల తీగ నిలవలేదు. ఏ కంపెనీ పైసా ఖర్చు పెట్టని మిరప మాత్రం ప్రతి ఇంటా ఉంది. సీతాఫలం మనదేననే వాదమూ ఉంది. ప్రాచీన భార్హుత్ స్తూపం శిల్పాల్లో ఆ పండు కనిపిస్తోందని పురావస్తు శాస్త్రజ్ఞుడు కన్నింగ్‌హామ్ అన్నాడు. రాతిలో చెక్కిన కాయ ఏదో తేల్చడం కష్టం. వృక్షశాస్త్రజ్ఞులు ఎక్కువమంది దాని పుట్టిల్లు అమెరికా అనే అంటున్నారు. అయినా ఇప్పుడు బాలానగర్ పేరుతో చెలామణి అయ్యే సీతాఫలాన్ని పరాయిదని ఎవరంటారు? ఏది పాతదో ఏది కొత్తదో ఆచారాల్లోనూ కొంత జాడ దొరుకుతుంది. ఆబ్దికం వంటలో చాలా ఇళ్లవాళ్లు నేటికీ మిరపకాయ మాని మిరియాలు వాడతారు. కొందరు మునక్కాయనూ నిషేధిస్తారు, అది ఈ నేలదే అయినా. అందుకని ఆ నిషేధాల జాబితాను ఏ పంట ఎప్పుడు వచ్చిందో చెప్పే తేదీల పట్టికగా చదవకూడదు. అయితే మిరియాల ఘాటు పాతదన్న జ్ఞాపకం అందులో ఉంది.

ఈ పెరటి సాగంతా ఊరికే జరగలేదు. మునగ చెట్టు నిండా గొంగళిపురుగులు పడితే ఇంట్లోకి పాకేవి, దివిటీ పట్టి కాల్చాల్సి వచ్చేది. ఇప్పుడు కోతుల బాధకు జామ, బీర మానేసిన పల్లెలు ఎన్నో. నీళ్లు మళ్లించడం, పురుగు ఏరడం, విత్తనం దాచడం అన్నీ ఎక్కువగా ఆడవాళ్ల నెత్తినే పడ్డాయి. వంటపనికి తోడు జీతం లేని ఈ చాకిరీని పెరటి వైభవం పాడేవాళ్లు లెక్కలోకి తీసుకోరు. రాక్స్‌బర్గ్ పేరు పుస్తకాలకెక్కింది, మిరపను మనదాన్ని చేసిన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. మేడ మీద కుండీలో డ్రాగన్ ఫ్రూటో బ్రకోలీయో పెంచే వాళ్లను చూసి ఇదేం దేశవాళీ అని ముక్కు విరిచే ముందు, మీ ఆవకాయలో కారం ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకోండి. ఆ కుండీకి నీళ్లు పోసే పనిలో ఇంట్లో అందరూ వంతు పంచుకోండి.