నైట్రిక్ ఆక్సైడు జాడ పట్టిన చరిత్ర

ఒక నత్రజని పరమాణువు, ఒక ఆమ్లజని పరమాణువు జతకూడితే నైట్రిక్ ఆక్సైడు అనే వాయువు ఏర్పడుతుంది. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్రీస్ట్లీ 1772 ప్రాంతంలోనే దీనిని తయారుచేసి పరీక్షించాడు. గాలి సోకగానే ఇది ఎర్రని గోధుమవన్నె పొగగా మారుతుంది. ఆకాశంలో మెరుపు మెరిసినప్పుడూ, మోటారు ఇంజనులో చమురు మండినప్పుడూ ఇది పుడుతుంది. ఇటువంటి ఘాటైన వాయువు మన శరీరంలో కూడా తయారవుతున్నదనీ, మనకు మేలు చేస్తున్నదనీ ఆ తరువాత రెండు వందల సంవత్సరాలపాటు ఎవరూ ఊహించలేదు.

గుండెనొప్పికి నైట్రోగ్లిసరిన్ ఇవ్వటం పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నదే. ఆ మందు నుంచి నైట్రిక్ ఆక్సైడు వెలువడి రక్తనాళాల కండరాన్ని సడలిస్తుందని 1977లో ఫెరిడ్ మురాద్ సూచించాడు. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళాలతో ప్రయోగాలు చేసి, నాళం లోపలి పలుచని పొర ఏదో పదార్థాన్ని పంపితేనే కండరం సడలుతుందని నిరూపించాడు. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడే అని 1987లో సాల్వడార్ మొంకాడా బృందమూ, లూయీ ఇగ్నారో బృందమూ వేరువేరుగా తేల్చాయి. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమానం లభించింది.

ఇక్కడ ఒక కొత్త ప్రశ్న తలయెత్తింది. శరీరంలో ఈ వాయువు నిలిచేది కొద్ది సెకన్లు మాత్రమే. అంతలో మాయమయ్యే ఈ దూత తన వార్తను ఎవరికి, ఎట్లా అందిస్తున్నది?

దీనికి ఒక సమాధానం ప్రోటీనుల్లో ఉన్న గంధకంలో దొరికింది. ప్రోటీనులు ఎమైనో ఆమ్లాల గొలుసులు. వాటిలో సిస్టీన్ అనే ఎమైనో ఆమ్లం కొసన గంధకం, దానికి అంటుకొని ఉదజని ఉంటాయి. ఈ ఉదజని తొలగి, దాని చోట నైట్రిక్ ఆక్సైడు వచ్చి కూర్చోవచ్చు. అప్పుడు ప్రోటీను తీరు మారుతుంది. పని పెరగవచ్చు, తగ్గవచ్చు. జొనాథన్ స్టామ్లర్, జోసెఫ్ లొస్కాల్జో మొదలైనవారు 1992లో ఈ మార్పును వివరించారు. దీనికి ఎస్-నైట్రోసైలేషన్ అని పేరు.

మార్పు ఉన్నదని చెప్పటం సులభమే. జీవకణంలోని వేలాది ప్రోటీనులలో ఏవేవి మారాయో చూపటం కష్టం. గంధకానికీ నైట్రిక్ ఆక్సైడుకూ మధ్య ఉన్న బంధం చాలా బలహీనమైనది. వెలుతురు తగిలినా, రాగి కొద్దిగా కలిసినా తెగిపోతుంది. 1958లో సావిల్ అనే రసాయనజ్ఞుడు పాదరస లవణంతో ఈ బంధాన్ని తెంచి, విడుదలైన నైట్రైటును రంగు పుట్టించి కొలిచే పద్ధతి చెప్పాడు. కాని ఆ కొలత కళ్లంలో ధాన్యం ఎంతో చెప్పగలదే గాని, ఏ చేనుదో చెప్పలేదు.

ఈ చిక్కును విడదీసినది 2001లో వెలువడిన ఒక పరిశోధన. అమెరికాలోని బాల్టిమోరు నగరంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన సామీ జాఫ్రీ, సాలొమన్ స్నైడర్ మొదలైనవారు దీనిని చేశారు. నిలవని గుర్తును నిలిచే గుర్తుగా మార్చటమే వారి ఉపాయం.

పెళ్ళివారింట భోజనాల పంక్తిని తలచుకోండి. కొన్ని పీటలమీద మనుషులున్నారు, కొన్ని ఖాళీ. మొదట ఖాళీ పీటలన్నిటినీ బోర్లించాలి. తరువాత కూర్చున్నవారిని లేపాలి. ఇప్పుడు తిన్నగా ఉన్న పీటలన్నీ ఇంతకుముందు మనుషులు కూర్చున్నవే కదా! వాటికి సున్నంతో గుర్తు పెడితే సరి. జాఫ్రీ, స్నైడర్ చేసినదీ ఇదే. కణజాలాన్ని నలిపి, ఖాళీగా ఉన్న గంధకపు కొసలను ఒక రసాయనంతో మూసివేశారు. తరువాత ఆస్కార్బిక్ ఆమ్లం, అనగా 'సి' విటమిను లవణం కలిపి నైట్రిక్ ఆక్సైడును తొలగించారు. బయటపడిన కొసలకు బయోటిన్ అనే విటమినును తగిలించారు. స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీను బయోటిన్‌ను గట్టిగా పట్టి వదలదు. కనుక గుర్తుపడిన ప్రోటీనులను దానితో ఏరివేసి, వాటి పేర్లు తెలుసుకోవచ్చు.

ఏరినవి నిజమైనవే అని నమ్మటమెట్లా? మెదడులో నైట్రిక్ ఆక్సైడు తయారుచేసే ఎంజైము లేని ఎలుకలు 1993 నుంచే ఉన్నాయి. మామూలు ఎలుకల మెదడులో గుర్తుపడిన ప్రోటీనులకు, ఈ ఎలుకలలో గుర్తు పడలేదు. కాబట్టి ఆ గుర్తులు శరీరం స్వయంగా పెట్టినవే అని తేలింది.

అయినా ఈ పద్ధతి ఆక్షేపణలకు గురికాక పోలేదు. 'సి' విటమిను ఇతర గంధక బంధాలను కూడా తెంచుతుందేమో అన్నారు కొందరు. ప్రయోగశాల కిటికీలోంచి వచ్చే పరోక్షమైన ఎండ కూడా, 'సి' విటమిను ఉన్న నాళికలో, లేని గుర్తులను పుట్టించగలదని 2007లో స్టామ్లర్ బృందం చూపింది. ఇది మోసపుచ్చే పొరపాటు. ఎందుకంటే పోల్చి చూడటానికి 'సి' విటమిను లేకుండా ఉంచిన నాళికలో ఆ దొంగ గుర్తు పడదు; కనుక ఉన్నది నిజమనిపిస్తుంది. అందుచేత వెలుతురు తగలకుండా పని చేయటమూ, మరొక నమూనాలోని నైట్రిక్ ఆక్సైడు బంధాలను ముందే అతినీలలోహిత కాంతితో తెంచి, గుర్తు మాయమవుతున్నదో లేదో చూడటమూ అవసరమైనాయి.

పద్ధతి క్రమంగా పదునెక్కింది. 2006లో మరొక బృందం ఎలుక చిన్నమెదడు సారంపై నైట్రిక్ ఆక్సైడును ఇచ్చే పదార్థం ప్రయోగించి, 56 ప్రోటీనులలో 68 స్థానాలను గుర్తించింది. ప్రోటీను పేరే కాక, గొలుసులో ఏ సిస్టీన్ మారిందో కూడా అప్పుడు తెలిసింది. 2009లో బయోటిన్‌తో పనిలేకుండా, బయటపడిన గంధకాన్ని నేరుగా పట్టే రెజిన్ పూసలు వచ్చాయి. 2010లో పాదరసం కలిపిన రెజిన్‌తో నైట్రిక్ ఆక్సైడు కూర్చున్న స్థానాలనే పట్టారు. సావిల్ వాడిన పాదరసమే యాభై ఏళ్ళకు మరో రూపంలో పనికి వచ్చిందన్నమాట.

ఇంత శ్రమ ఎందుకని పాఠకులు అడగవచ్చు. మెదడు కణాలలో పాడైన ప్రోటీనులను ఏరివేయటానికి తోడ్పడే పార్కిన్ అనే ప్రోటీను ఒకటి ఉంది. దానిమీద నైట్రిక్ ఆక్సైడు కూర్చుంటే దాని రక్షణశక్తి దెబ్బతింటుందని 2004లో వెల్లడయింది. చేతులు వణికించే పార్కిన్సన్ వ్యాధితో మరణించినవారి మెదడులో ఈ మార్పు కనిపించింది. వ్యాధికి ఇదే మూలకారణమని దీనితో రుజువు కాదు. కాని ఎక్కడ వెదకాలో తెలిసింది. దొంగ గుర్తును నిజమని నమ్మితే వైద్యుడు తప్పు ప్రోటీనుకు మందు వెదుకుతూ ఏళ్ళు గడపవలసివస్తుంది. కిటికీ తలుపు మూసి, మరొక నాళికను పోలికకు పక్కన పెట్టుకొనే పరిశోధకుని జాగ్రత్త వెనుక ఉన్నది ఆ రోగి క్షేమమే.